ఫిజిక్స్ మేడం ఎంచుకున్న విమానం

మా ఫిజిక్స్ మేడం పోయారని ఆదివారం పొద్దున వాళ్ళ చెల్లెలి కూతురు ఫోన్ చేసి చెప్పింది. "పెద్దమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందండీ. మీకు ముందు చెప్పమని ఎప్పుడో చెప్పిపెట్టింది" అంది. ఆ అమ్మాయి గొంతు స్థిమితంగానే ఉంది. నేనే ఏం మాట్లాడాలో తోచక, అక్కడ ఎండ ఎక్కువగా ఉందా అని అడిగాను. ఉందండీ, చానా ఉంది అంది పాపం.

నరసరావుపేట వెళ్ళేసరికి చర్చిలో ప్రార్థన అయిపోయింది. సమాధుల దగ్గర ఆవిడ పాత విద్యార్థులు చాలామంది కనిపించారు. అందరికీ జుట్టు నెరిసింది. ఒకరు ఆవిడ పాఠం గురించి, ఒకరు కోపం గురించి, ఒకరు తన కోసం ఆవిడ కట్టిన ఫీజు గురించి మాట్లాడారు. విమానం గురించి ఎవరూ మాట్లాడలేదు. తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆ సంగతి చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలానేమో అనిపించి ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను ఆ ఊరి కాలేజీలో ఫిజిక్స్ ల్యాబుకి డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. మేడం అప్పటికే అక్కడ లెక్చరర్. గురజాల దగ్గర మిషన్ స్కూల్లో పనిచేసిన పంతులుగారి అమ్మాయి. భర్త మిలిటరీలో విమానం నడుపుతూ చనిపోయాడని, పిల్లలు లేరని, ఆ తర్వాతే చదువు కొనసాగించి ఉద్యోగంలో చేరారని స్టాఫ్ రూములో చెప్పారు. అంతకు మించి ఎవరికీ తెలియదు. ఆవిడని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

సాయంత్రం ల్యాబు మూసేముందు ఆవిడ ప్రతి స్విచ్చునీ వేలితో ముట్టుకుని చూసేవారు. "అన్నీ ఆపేశాను మేడం, చూశాను" అంటే, "చూస్తే చాలదే, ముట్టుకోవాలి. కన్ను ఉన్నదనుకున్నదే చూస్తది" అనేవారు. అది విమానం ఎక్కేముందు వాళ్ళాయన పాటించిన పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది.

ఇంకో అలవాటు ఉండేది. క్లాసు జరుగుతుండగా పైన ఎక్కడో విమానం చప్పుడు వినపడితే బోర్డు మీద ఆవిడ చెయ్యి ఆగిపోయేది. సుద్దముక్క ఆ అక్షరం మీదే ఉండిపోయేది. చప్పుడు పూర్తిగా సన్నగిల్లాక మిగతా సగం అక్షరం రాసేవారు. తలెత్తి కిటికీ వైపు చూసేవారు కాదు. పిల్లలు మొదట్లో నవ్వుకునేవారు. పోనుపోను వాళ్ళూ కలాలు ఆపి కూర్చోవడం నేర్చుకున్నారు.

ఒక మధ్యాహ్నం ప్రాక్టికల్స్ మధ్యలో ఖాళీ దొరికితే ఇద్దరం ల్యాబులో టీ తాగుతున్నాం. ఆవిడ ఉన్నట్టుండి ఒక వారపత్రిక తెరిచి నా ముందు పెట్టారు. మద్రాసులో రేడియోతో నడిపే చిన్న విమానాల ప్రదర్శన జరిగిందట, దాని ఫోటో. ఒక బొమ్మ విమానం చక్రాలు పైకి పెట్టి తలకిందులుగా పోతోంది. కింద ఒకాయన మెడలో పెట్టె వేలాడేసుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

"మా ఆయన చేసింది ఇదే" అన్నారు మేడం. "ముందు ఇట్టా తలకిందులుగా తిప్పాలి. అక్కణ్ణించి ముక్కు కిందికి లాగి, నేలకేసి వచ్చి, మళ్ళీ సమంగా బయటపడాలి. అర సున్నా చుట్టినట్టు. బయటపడేదానికి ఎత్తు చాల్లేదంట. విచారణ చేసినవాళ్ళు పైలట్ తప్పిదం అని ఒక్క ముక్క రాసి ముగించారు."

నేను పత్రిక మూసి పక్కన పెట్టాను.

"వాళ్ళమ్మ ఇంజను ఆగిపోయి ఉంటదిలే అనేది. ఆయన స్నేహితులూ అదే అన్నారు, నన్ను ఓదార్చేదానికి. కుర్రాళ్ళకి ఎగరటం నేర్పే మనిషే ఆయన. నేల ఎంత దూరంలో ఉందో ఆయనకి తెలవదా? తెలిసీ ఎట్టా తప్పు చేస్తాడు? ఇన్నేళ్ళూ పాఠం చెప్పే ప్రతిసారీ నా బుర్రలో అదే తిరుగుతుంటది." టీ గ్లాసు కింద పెట్టి, మామూలు గొంతుతో అడిగారు. "ఏమే, మద్రాసు వస్తావా నాతో?"

మద్రాసులో బొమ్మ విమానాలు అమ్మే షాపు ఒక పాత మేడ మీద ఉంది. గోడల నిండా రెక్కలు వేలాడుతున్నాయి. షాపు పెద్దాయనది మద్రాసు తెలుగు. "ఎవరికమ్మా, బిడ్డకా?" అని అడిగాడు.

"నాకే" అన్నారు మేడం.

ఆయన ఒకసారి ఆవిడని, ఒకసారి నన్ను చూసి, నవ్వకుండా ఒక విమానం కిందికి దించాడు. "కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇదే కొనాల. రెక్క పైన ఉండాది, ఒళ్ళు కింద వేలాడతా ఉండాది. రెక్క రెండు పక్కలా కొంచెం పైకి లేచి ఉండాది చూడండి. మీరు తప్పు చేసినా, చెయ్యి వదిలేస్తే అదే సర్దుకుంటాది."

"అదే నాకొద్దు. నా తప్పు అది సర్దకూడదు. తిప్పితే తిరగాలి, తలకిందులుగా పెడితే అట్టాగే ఉండాలి."

పెద్దాయన కాసేపు ఆలోచించి ఇంకోటి చూపించాడు. సన్నటి రెక్కలతో, చూడగానే కత్తిలా ఉంది. పోటీలకు వెళ్ళేవాళ్ళు కొనేదట. మేడం దాని రెక్క అంచు మీద వేలు నడిపారు. "మెల్లగా పోతే ఏమైద్ది?" అని అడిగారు.

"చెప్పకుండా ఒక రెక్క పడిపోతాది. దీన్ని కొత్తవాళ్ళకి నేను అమ్మను."

"మీరు అమ్మినా నేను కొనను. నేను నేర్చుకునేలోపు ఇది మిగలదు."

అప్పుడు ఆయన బల్ల ఎక్కి అటక మీది నుంచి దుమ్ముపట్టిన పెట్టె ఒకటి దించాడు. అందులో విమానం ముక్కలుగా ఉంది, మనమే అతికించుకోవాలి. రెక్క మందంగా, బొద్దుగా, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే వెడల్పుతో ఉంది. రెక్క లోపల ఆకారం నిలిపే చెక్క ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూపించాడు. పైనా కిందా ఒకే వంపు. "అందుకే తలకిందులుగా పెట్టినా దీనికి తేడా తెలవదు. మందం రెక్క గదా, మెల్లగా పోయినా గాలిని పట్టుకుంటాది. పెద్ద రెక్క, తక్కువ బరువు, అందువల్ల దిగేటప్పుడు తొందరపెట్టదు. చెక్కలన్నీ ఒకే కొలత, కట్టడం సుళువు. తిప్పడం నేర్చుకోవాలనే కొత్తవాళ్ళకి దీనికన్నా మంచిది నా దగ్గర లేదు."

"బయటపడేదానికి గట్టిగా లాగితే?"

"గట్టిగా లాగితే ఏ రెక్కైనా గాలిని వదిలేస్తాదమ్మా. ఇది మాత్రం వదిలేముందు వణుకుతాది. వణికినప్పుడు చెయ్యి సడలించాల. అంతే."

మేడం ఆ మాట పెదాలతో ఒకసారి తిరిగి అనుకోవడం నేను చూశాను.

ఇంజను దగ్గర ఇంకా ఎక్కువసేపు పట్టింది. చిన్నది పెడితే గుండ్రంగా పైకి తిరిగేటప్పుడు సగంలో నీరసపడుతుందని, పెద్దది పెడితే ముక్కు బరువై వేగం చేతికి అందకుండా పోతుందని పెద్దాయన చెప్పాడు. మధ్య సైజుది తీసుకోమన్నాడు. మేడం దాని బలం గురించి అడగనే లేదు. "వేగం బాగా తగ్గించినప్పుడు ఆగిపోద్దా?" అని మాత్రం అడిగారు. ఆయన వెనక వసారాలో ఇంజనును బల్లకు బిగించి నడిపి చూపించాడు. వేగం తగ్గించాడు. అది గురక పెట్టినట్టు మెల్లగా తిరిగింది. పెంచాడు. "ఇంకోసారి తగ్గించండి" అన్నారు మేడం. మళ్ళీ తగ్గించాడు. అలా చాలాసార్లు చేయించారు. పెద్దాయన చేతులు ఇంజను నూనెతో జిడ్డుకారిపోయాయి.

మెట్లు దిగుతుంటే నేను అడిగాను, ఆ పరీక్ష అంతసేపు ఎందుకని.

"ఇంజను ఆగింది, అందుకే ఇట్టా అయింది అని చెప్పుకునే వీలు నాకు ఉండకూడదు" అన్నారు.

ఆ వానాకాలమంతా విమానం ఆవిడ ముందుగదిలో తయారైంది. విమానాన్ని నడిపేందుకు రెండు చిన్న కర్రలున్న రేడియో పెట్టె ఎవరో వాడి అమ్మినది దొరికింది. దానికి వైర్‌లెస్ లైసెన్సు కోసం ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగి, వాళ్ళు విసిగి ఇచ్చేదాకా వదల్లేదు. కాలేజీ అవగానే నేను వెళ్ళేదాన్ని. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియని బాల్సా చెక్కల్ని అతికించడం, పైన పల్చటి పట్టుగుడ్డ బిగించి వార్నిషు పూయడం నేర్చుకున్నాం. ఇంజనుకి పోసేది స్పిరిటులో ఆముదం కలిపిన నూనె. మొదటిసారి పెరట్లో నడిపినప్పుడు పక్కింటి బీబమ్మత్త గోడ మీద నుంచి తొంగిచూసింది.

"ఏంది మేడంగారూ, ఆముదం కాలుస్తన్నారా? బాలింత గదిలో ఉన్నట్టుంది నాకు."

మేడం నవ్వారు. ఆవిడ గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు.

సాగర్ డ్యాం కట్టే రోజుల్లో విజయపురి సౌత్ దగ్గర ఒక రన్‌వే వేశారు. అప్పటికి దాని మీద మేకలే తిరుగుతున్నాయి. సెలవు రోజున మాచర్ల మీదుగా బస్సులో వెళ్ళేవాళ్ళం. రెక్కను పాత చీరలో చుట్టి ఒళ్ళో అడ్డంగా పెట్టుకునేవారు మేడం. "ఏందమ్మా అది, తలుపా?" అని కండక్టరు అడిగితే, "ఆ, తలుపే" అనేవారు. రన్‌వే కాపలా తాత మొదటిరోజు అభ్యంతరం పెట్టాడు. విమానం లేవడం చూశాక మేకల్ని తనే పక్కకు తోలడం మొదలుపెట్టాడు.

నేర్చుకోవడానికి చాలా నెలలు పట్టింది. ముక్కున తిరిగే పంకాలు విరిగాయి, చక్రాలు ఊడాయి. అన్నిటికంటే కష్టమైంది, విమానం మనకి ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మనకి ఎడమ కావడం. నాకు ఇప్పటికీ అది పట్టుబడలేదు. ఆవిడకి ఒకరోజు ఉన్నట్టుండి పట్టుబడింది. ఎలా అని అడిగితే, "ఇక్కడ నిలబడితే తికమక పడతావే. లోపలికి పోయి కూర్చోవాలి" అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ ఎగరేస్తున్నప్పుడు మాట్లాడటం మొదలైంది. పెదాలు కదిలేవి. చాలా మెల్లగా, "ఇప్పుడు తిప్పండి... కొంచెం ఆగండి... ఊఁ, ఇప్పుడు" అనేవారు. మొదట్లో నాతో అంటున్నారేమోనని "ఏంటి మేడం?" అని అడిగాను. వినిపించుకోలేదు. నన్ను ఆవిడ ఎప్పుడూ ఏమే అనే పిలిచారు. అండీ అనరు. ఆ సంగతి తట్టాక నేను రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను. తర్వాత ఎప్పుడూ ఆ మాటలకి అడ్డుపడలేదు.

తలకిందులు కావడం, అక్కణ్ణించి కిందికి లాగి బయటపడటం ముందు చాలా ఎత్తులో చేశారు. విమానం చీమంత కనిపించేది. ఎప్పుడూ బయటపడేది. వారం వారం ఎత్తు తగ్గిస్తూ వచ్చారు. నాకు భయం పట్టుకుంది. విమానం పోతుందని కాదు. అది పోయాక ఆవిడ ఏమవుతారోనని.

"మేడం, ఇక చాలు. ఇంతకన్నా కింద వద్దు" అన్నాను ఒకరోజు.

"ఆయనకి ఎవరూ చెప్పలేదే, ఇంతకన్నా కింద వద్దని."

"మీకు నేను చెప్తున్నా గదా."

ఆవిడ నా వైపు తిరిగి చూశారు. చూపులో కోపం లేదు. "దూరంగా పో. తాతనీ మేకల్నీ కూడా పొమ్మను" అన్నారు.

తాతనీ మేకల్నీ పంపించి నేను మాత్రం రెండడుగుల వెనకే నిలబడ్డాను. గాలి పెద్దగా లేదు. విమానం రన్‌వే అటు చివర నుంచి మా వైపు వచ్చింది, చింతచెట్ల తలలకు కొంచెం పైగా. వేగం తగ్గించారు. ఇంజను గురకలాగా వినిపించింది, ఆగలేదు. విమానం తలకిందులైంది. "ఇప్పుడు" అన్నారు మేడం. ముక్కు నేలకి దిగింది. అది సగం దారి వచ్చేసరికి నాకే తెలిసిపోయింది, చాలదని. రెక్కలు వణికాయి. అంత దూరం నుంచి నాకు స్పష్టంగా కనిపించింది ఆ వణుకు. ఆవిడకీ కనిపించే ఉండాలి. కర్ర మీద ఆవిడ బొటనవేలు తెల్లగా పాలిపోయి ఉంది, చివరి అంచు దాకా వెనక్కి లాగి ఉంది. సడలలేదు. ఒక రెక్క టక్కున పడిపోయింది, విమానం గిర్రున తిరిగి రన్‌వే పక్క నేలలో దిగబడింది. నేల తగిలేదాకా ఇంజను మోగుతూనే ఉంది.

కాపలా తాత "అయ్యో తల్లీ" అంటూ పరిగెత్తాడు. నేను పరిగెత్తలేదు. మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఇంకా కర్రను లాగే పట్టుకుని ఉన్నారు. నేనే ఆ వేలిని విడదీశాను.

ఆవిడ రన్‌వే మీద కూర్చుండిపోయారు. ఏడవలేదు. విమానం పడినచోటు వైపు చూస్తూ అన్నారు. "వణికింది. చూశావా?"

"చూశాను మేడం."

"నేనూ చూశా. సడలించాలని తెలుసు. నా పిల్లలకి బోర్డు మీద లెక్క కట్టి చెప్పే విషయం అది. తెలిసీ లాగాను. నేల మీదికొస్తా ఉంటే చెయ్యి ఆగలా." అరచేతులు తిప్పి చూసుకున్నారు. "నేను ఇక్కడ నేల మీదే ఉన్నా గదే. నాకేం కాదు. ఆ చెక్కముక్క కోసమే నా చెయ్యి ఆగకపోతే, అందులో కూర్చున్న మనిషి చెయ్యి ఎట్టా ఆగుద్ది?"

చేతులు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అన్నారు. "తప్పే. ఆయన తప్పే అది. కానీ ఎవరైనా చేసే తప్పు. నాతో ఎవరూ అట్టా చెప్పలేదు ఇన్నాళ్ళూ."

తిరిగి వచ్చేటప్పుడు విరిగిన ముక్కల మూట నా ఒళ్ళో పెట్టుకున్నాను. మాచర్ల దాటగానే ఆవిడ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. నరసరావుపేటలో దిగేదాకా లేవలేదు. కళ్ళజోడు ముక్కు మీద జారిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లలా పడుకున్నారు. ఆవిడ అలా నిద్రపోయి ఎన్నేళ్ళయిందోనని నేను కదలకుండా కూర్చున్నాను.

అంతా తీరిపోయిందని చెప్పను. క్లాసులో సుద్దముక్క ఆగడం ఆవిడ రిటైరయ్యేదాకా మానలేదని విన్నాను. కానీ భర్త గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయనకి గోంగూర పడేది కాదని, చర్చిలో పాట ఎప్పుడూ శ్రుతి తప్పి పాడేవాడని, పెళ్ళికి ముందు రాసిన ఉత్తరంలో ఆవిడ పేరే తప్పు రాశాడని, ఇలాంటివి. పొయ్యి దగ్గరో, బస్సులోనో, ఉన్నట్టుండి ఒకటి చెప్పి తనే నవ్వేవారు. అంతకుముందు ఆయన చనిపోయిన తీరు తప్ప ఆయనది ఏదీ నాకు తెలియదు.

తర్వాత వానాకాలంలో కొత్త రెక్క కట్టాం. ఇంజను బాగుచేయించడానికి మద్రాసు పంపాం. మళ్ళీ రన్‌వేకి వెళ్ళినప్పుడు ఆవిడ ఆ విన్యాసం చేయలేదు, ఇంకెప్పుడూ చేయలేదు. పైన ఎత్తులో గుండ్రంగా తిప్పేవారు, తలకిందులుగా ఆ చివర నుంచి ఈ చివరకి నిదానంగా నడిపించేవారు. మాటలు మాత్రం ఆగలేదు. అయితే ఇప్పుడు అవి ఆజ్ఞల్లా ఉండేవి కావు. ఇంట్లో అన్నం వడ్డిస్తూ ఒక మనిషితో మాట్లాడినట్టు ఉండేవి. ఏవో కబుర్లు. నేను దూరంగా మేకల పక్కన కూర్చునేదాన్ని. ఆ ఇద్దరి మధ్యలోకి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు.

నాకు సంబంధం కుదిరి ఊరు వదలబోయే ముందు చివరిసారి వెళ్ళాం. సాగర్ నిండుగా ఉన్న కాలం. సాయంత్రపు ఎండలో విమానం బాగా పైకి వెళ్ళింది, నీళ్ళ వైపు తిరిగింది. మేడం కర్రను పక్కకి నెట్టారు. అది తిరగలేదు. పెట్టెను ఇంకా పైకెత్తి పట్టి మళ్ళీ నెట్టారు. విమానం తిరగలేదు. రేడియో ఎందుకు అందలేదో మాకు తెలియదు. తాత గట్టు వైపు పరిగెత్తబోతే మేడం వద్దని చెయ్యి ఊపారు.

అది నేరుగా, ఏ తొందరా లేకుండా, నీళ్ళ మీదుగా వెళ్ళిపోయింది. ముందు రెక్కలు కనిపించడం మానేశాయి, తర్వాత చుక్క, ఆ తర్వాత చప్పుడు కూడా సన్నబడింది. నాకు ఏమీ వినిపించడం లేదు. రోడ్డు మీద మాచర్ల బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మమ్మల్ని గుర్తుపట్టి ఈల వేశాడు. మేడం అటు తిరగలేదు. తల కొంచెం పక్కకి వంచి, ఎవరో చెప్పేది వింటున్నట్టు, ఖాళీ ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆవిడ బొటనవేళ్ళు కర్రల మీద ఇంకా మెల్లగా కదులుతూనే ఉన్నాయి.